ఆ ఫైలు ఎవరిదో ముందు కనుక్కో

కాకినాడ

చిరంజీవి వాసుకి,

నువ్వు ఫోన్లో చెప్పిన మెడికల్ షాపు సిస్టమ్ గురించే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే సగం విని "సరే అక్కా, చూస్తాలే" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే మీ రిపేరు షాపులో సొరుగులో పడి ఉంటుంది, పని పడినప్పుడు తీసి చూసుకుంటావు.

జరిగింది ఒకసారి వరసగా చూద్దాం. బిల్లింగ్ ప్రోగ్రామ్ తెరవబోతే ఎమ్ఎస్‌వీసీపీ140 అనే డీఎల్ఎల్ ఫైలు లేదని ఎర్రర్ వచ్చింది. నువ్వు ఆ పేరు గూగుల్లో కొట్టి, ముందు కనబడిన సైటులోంచి ఫైలు దింపి సిస్టమ్32 ఫోల్డర్లో వేశావు. మళ్లీ అదే ఎర్రర్. దాన్నే బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్లో వేశావు. ఈసారి వేరే ఎర్రర్, 0ఎక్స్‌సీ000007బీ. "మాట మారిందంటే దగ్గరికొచ్చినట్టే కదక్కా" అన్నావు. కాదురా, దూరం జరిగావు. ఎందుకో చెప్తాను.

బిల్లు ప్రింటు తీయడం, తేదీలు లెక్కకట్టడం, తెర మీద విండో గీయడం లాంటి పనులకు ప్రతి ప్రోగ్రామ్ రాసేవాడూ మొదటి నుంచీ కోడ్ రాసుకోడు. అందరికీ పనికొచ్చే కోడ్‌ను విడిగా ఫైళ్లలో పెడతారు, ప్రోగ్రాములు కావలసినప్పుడు పిలుచుకుంటాయి. డీఎల్ఎల్ అంటే అంతే. అందుకని ప్రతి డీఎల్ఎల్‌కీ ఒక యజమాని ఉంటాడు. ఆ యజమాని విండోస్ కావచ్చు, విజువల్ సీ ప్లస్ ప్లస్, డైరెక్ట్‌ఎక్స్ లాంటి రన్‌టైమ్ ప్యాకేజీ కావచ్చు, ఆ ప్రోగ్రామే కావచ్చు, ప్రింటర్‌దో గ్రాఫిక్స్ కార్డుదో డ్రైవర్ కావచ్చు. ఎర్రర్ రాగానే "ఈ ఫైలు ఎక్కడ దొరుకుతుంది" అని వెతక్కు. "ఇది ఎవరిది, ఎందుకు పోయింది" అని అడుగు. ఈ ఉత్తరం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగిలిందంతా దాన్ని పనిలో ఎలా పెట్టాలన్నది.

మన ఎమ్ఎస్‌వీసీపీ140 విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌ది. చివరి అంకె చూస్తే ఏ వర్షనో తెలిసిపోతుంది. 80 ఉంటే 2005ది, 90 ఉంటే 2008ది, 100 అంటే 2010, 110 అంటే 2012, 120 అంటే 2013. 140 మాత్రం 2015 నుంచి 2022 దాకా వచ్చిన విజువల్ స్టూడియోలన్నిటికీ ఉమ్మడి. 130 కనబడదు, మైక్రోసాఫ్ట్ వాళ్లు 12 నుంచి నేరుగా 14కి దూకారు. వీసీరన్‌టైమ్140 కూడా ఈ కుటుంబమే. ఇవి పోతే మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా దొరికే రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ వేయాలి. విడి ఫైలు వేయకూడదు. ఆ ప్యాకేజీ ఫైళ్లన్నిటినీ సరైన చోట పెట్టి, రిజిస్ట్రీలో నమోదు చేసి, తర్వాత అప్‌డేట్లు వస్తే అందుకునేలా ఉంచుతుంది.

మరి ఎందుకు పోయింది? నేను నీ నోట విన్నదాన్ని బట్టి నా అనుమానం ఒకటుంది. సి డ్రైవ్ నిండిపోయిందని ఆ మెడికల్ షాపాయన మేనల్లుడు కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి అక్కర్లేనివి తీసేశాడన్నావు కదా. అక్కడ మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ అనే పేరుతో వరసగా చాలా కనబడతాయి. ఒక్కో ఏడాదిది ఒకటి, మళ్లీ ఒక్కోదానికీ ఎక్స్86 ఒకటి, ఎక్స్64 ఒకటి. చూసినవాళ్లకి ఒకటే సాఫ్ట్‌వేర్ పదిసార్లు పడిందనిపిస్తుంది. ఒక్కటి ఉంచి మిగిలినవి తీసేస్తారు. అవి ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. 2013ది అడిగే ప్రోగ్రామ్‌కి 2013దే కావాలి. వాటిని తీస్తే కలిసొచ్చే చోటు కూడా కొద్దిపాటిదే. కస్టమర్లకి ఈ మాట ముందే చెప్పి పెట్టు.

ఇప్పుడు నీ రెండో ఎర్రర్ సంగతి. విండోస్ 64 బిట్ సిస్టమ్‌లో సిస్టమ్32 ఫోల్డర్లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు సిస్‌వావ్64 అనే ఫోల్డర్లో ఉంటాయి. పేర్లు తిరగబడి ఉన్నాయి కదా. పాత ప్రోగ్రాముల్లో సిస్టమ్32 అనే దారి లోపలే రాసేసి ఉండటం వల్ల ఆ పేరు మార్చలేకపోయారు. 32 బిట్ ప్రోగ్రామ్ సిస్టమ్32 వైపు చూస్తే విండోస్ దాన్ని చప్పుడు లేకుండా సిస్‌వావ్64కి మళ్లిస్తుంది. నీ బిల్లింగ్ ప్రోగ్రామ్ 32 బిట్‌ది. నువ్వు దింపింది 64 బిట్ ఫైలు. సిస్టమ్32లో వేస్తే ఆ ప్రోగ్రామ్‌కి అది కనబడనే లేదు, అందుకే మొదటి ఎర్రర్ అలాగే ఉంది. ప్రోగ్రామ్ ఫోల్డర్లో వేసేసరికి కనబడింది, తెరవబోయింది, తన జాతి కాదని తిప్పికొట్టింది. 7బీ ఎర్రర్‌కి మామూలు అర్థం అదే, 32కీ 64కీ కలవలేదని. అందుకే రీడిస్ట్రిబ్యూటబుల్ వేసేటప్పుడు సిస్టమ్ 64 బిట్ అయినా ఎక్స్86, ఎక్స్64 రెండూ వెయ్యి.

వేసే ముందు నువ్వు పెట్టిన ఆ ఫైలును రెండు చోట్ల నుంచీ తీసెయ్యి. ఇది మర్చిపోకు. ప్రోగ్రామ్ తన డీఎల్ఎల్ కోసం ముందు తన సొంత ఫోల్డర్లోనే వెతుక్కుంటుంది, తర్వాతే సిస్టమ్ ఫోల్డర్‌కి పోతుంది. నువ్వు సరైన ప్యాకేజీ వేసినా, పక్కనే ఆ పాడు ఫైలు ఉంటే దాన్నే పట్టుకుంటుంది. మంచి మందు వేసినా రోగం తగ్గలేదని నువ్వు ఇంకో మందు వెతుకుతావు.

ఆ సైట్ల గురించి కోప్పడుతున్నాననుకోకు, కానీ గట్టిగానే చెప్తున్నాను. డీఎల్ఎల్ అంటే ఫోటో లాంటిదో వర్డ్ ఫైలు లాంటిదో కాదు. ప్రోగ్రామ్ దాన్ని లోడ్ చేసిన క్షణంలోనే అందులోని కోడ్ నడవడం మొదలవుతుంది. ఆ ప్రోగ్రామ్‌కి ఏ అధికారాలున్నాయో దానికీ అవే ఉంటాయి. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే సిస్టమ్ అంతా దాని చేతిలో ఉన్నట్టే. ఆ మెడికల్ షాపులో ఊళ్లో వాళ్లు ఎవరు ఏ మందు వాడుతున్నారో ఉంటుంది, జీఎస్టీ లెక్కలుంటాయి, బ్యాంకు లాగిన్ ఉంటుంది. ఎవరు ఎక్కించారో తెలియని ఫైలును వాటి మధ్య పెట్టే హక్కు మనకి లేదు. సిస్టమ్ బాగుచేయమని ఇచ్చినవాడు మనల్ని నమ్మి తాళంచెవి ఇచ్చినట్టేరా. అందులో వైరస్ లేకపోయినా, వర్షన్ వేరైతే "ఎంట్రీ పాయింట్ దొరకలేదు" అని కొత్త ఎర్రర్ పట్టుకొస్తుంది.

ఇంకో సంగతి. ఎర్రర్‌లో పేరొచ్చిన ఫైలు తన చోట తాను నిక్షేపంగా ఉండటం కూడా జరుగుతుంది. "స్పెసిఫైడ్ మాడ్యూల్ దొరకలేదు" అంటుంది, చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది. ఆ ఫైలు పిలిచే ఇంకో ఫైలు లేకపోయినా మాట అలాగే వస్తుంది. ఎక్స్‌పీ రోజుల్లో సిస్టమ్ ఆన్ చెయ్యగానే హెచ్ఏఎల్ డీఎల్ఎల్ లేదనో పాడైందనో వచ్చేది. చాలామంది సీడీలోంచి ఆ ఫైలు తెచ్చి వేసి, అయినా బూట్ కాక, చివరికి ఫార్మాట్ కొట్టేవాళ్లు. ఎక్కువసార్లు తప్పు బూట్.ఐఎన్ఐలో ఉండేది. విండోస్ ఏ పార్టిషన్లో ఉందో ఆ చిన్న టెక్స్ట్ ఫైల్లో తప్పుగా రాసి ఉంటే, లోడర్ వేరే చోటికి పోయి వెతికి, అక్కడ హెచ్ఏఎల్ కనబడక అదే పేరు చెప్పేది.

2024 జులై 19న జరిగిందీ ఇలాంటిదే, నీకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా విండోస్ సిస్టమ్‌లు బ్లూ స్క్రీన్ మీద ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల మిషన్లు. శంషాబాద్ విమానాశ్రయంలో కూడా చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. ఆ నీలి తెర మీద కనబడిన పేరు సీఎస్ఏజెంట్, అంటే వాళ్ల డ్రైవర్. ఆ డ్రైవర్ ఫైలు పాడవలేదు. దానికి అందిన 291 నంబరు ఛానల్ ఫైల్లో తేడా ఉంది. డ్రైవర్ దగ్గర 20 విలువలే ఉంటే, కొత్త ఫైలు 21వది కూడా చూడమంది. లేనిదాన్ని చదవబోయి డ్రైవర్ కూలింది, దాంతోపాటు విండోస్ కూడా. బాగుచెయ్యడానికి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ 291 ఫైలు తీసేస్తే చాలు. కానీ ఒక్కో మిషన్ దగ్గరికీ మనిషి వెళ్లాల్సి వచ్చింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ దొరక్క గంటలు గంటలు పోయాయి. అది చూశాకే మా కాలేజీలో ప్రతి ల్యాప్‌టాప్ రికవరీ కీ రాసిపెట్టే రిజిస్టర్ మొదలుపెట్టించాను. నువ్వూ ఎవరి ల్యాప్‌టాప్ ముట్టుకున్నా ముందు బిట్‌లాకర్ ఉందా, కీ ఎక్కడుంది అని అడుగు.

ఇక విండోస్ సొంత ఫైళ్లు. వీటికి మందు విండోస్‌లోనే ఉంది. విండోస్ 98 కాలంలో ఏ ప్రోగ్రామ్ సెటప్ అయినా వచ్చి సిస్టమ్ ఫైలు మీద తన పాత ఫైలు రుద్దేసేది. ఒకటి పనిచేస్తే ఇంకొకటి చెడేది, ఆ నరకానికి డీఎల్ఎల్ హెల్ అనే పేరే పడింది. విండోస్ 2000 నుంచి అలా మార్చిన ఫైలును వెంటనే వెనక్కి తెచ్చే కాపలా పెట్టారు. విస్టా నుంచి అసలు మార్చనివ్వకుండా, ఆ ఫైళ్ల యాజమాన్యం ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ చేతికిచ్చారు. నువ్వు అడ్మినిస్ట్రేటర్‌వైనా "పర్మిషన్ లేదు" అంటుందే, అది అందుకే. ఆ పర్మిషన్ బలవంతంగా లాక్కునే చిట్కాలు యూట్యూబ్‌లో బోలెడు. ఆ కాపలా మన కోసమే ఉంది, దాన్ని తోసుకుని లోపలికి పోకు.

ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నీకు తెలుసు. అది సిస్టమ్ ఫైళ్లను ఒక్కొక్కటిగా సరిచూసి, తేడా ఉన్నదాన్ని విన్ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్లో ఉన్న మంచి కాపీతో మారుస్తుంది. అయితే ఆ ఫోల్డరే పాడైతే? గాదెలో దాచిన విత్తనాలకే పురుగు పడితే ఎన్నిసార్లు చల్లినా మొలక రాదు. అందుకే ముందు డిజమ్ రిస్టోర్‌హెల్త్ నడుపు, అది ఆ నిల్వను బాగుచేస్తుంది, ఆ తర్వాత ఎస్ఎఫ్‌సీ. డిజమ్ కావలసిన ఫైళ్లను విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి. అంకె ఒకచోట చాలాసేపు కదలదు, 62.3 శాతం దగ్గర ఆగిపోయిందని అందరూ కంగారుపడతారు. విండో మూసెయ్యకు, టీ తాగి రా. నెట్ సరిగా లేని ఊళ్లకి వెళ్తే అదే వర్షన్ విండోస్ ఐఎస్ఓ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అందులోని ఇన్‌స్టాల్.విమ్‌ను సోర్స్‌గా చూపించు. వర్షన్ తేడా ఉంటే 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అని, సోర్స్ దొరకలేదని ఏడుస్తుంది.

ఎస్ఎఫ్‌సీ చివర్లో చెప్పే మాట పూర్తిగా చదువు. తేడాలేమీ లేవంటే ఒక అర్థం, పాడైనవి దొరికాయి బాగుచేశాను అంటే ఒక అర్థం, దొరికాయి గానీ కొన్నిటిని బాగుచెయ్యలేకపోయాను అంటే ఇంకో అర్థం. మూడోది వస్తే విండోస్ ఫోల్డర్లో లాగ్స్, అందులో సీబీఎస్ లాగ్ తెరువు. చాలా పెద్దది, అందులో ఎస్ఆర్ అని బ్రాకెట్లో ఉన్న వరసలు మాత్రం ఏరుకుంటే ఏ ఫైలు దగ్గర ఆగిందో పేరుతో సహా ఉంటుంది. ఆ ఏరే కమాండ్, డిజమ్ కమాండ్లు విడిగా చిన్న కాగితం మీద రాసి ఈ కవర్లోనే పెడుతున్నాను. ఇంకో సంగతి, ఎస్ఎఫ్‌సీ చూసేది విండోస్ ఫైళ్లనే. మన ఎమ్ఎస్‌వీసీపీ140 లాంటివి దాని లెక్కలో లేవు. మెడికల్ షాపు సిస్టమ్‌లో నువ్వు ఎస్ఎఫ్‌సీ నడిపితే "అంతా బాగానే ఉంది" అన్నదానికి కారణం అది. యజమాని ఎవరో తెలియకుండా మందు వేస్తే ఇలాగే అవుతుంది.

మీ షాపులో లైట్ వర్షన్ విండోస్ వేస్తున్నారన్నావు. పాత సిస్టమ్‌లో వేగంగా ఉంటుందని ఎవరో విండోస్‌ను కోసి, చిన్నది చేసి నెట్‌లో పెట్టింది అది. కోసేటప్పుడు చాలాసార్లు ఈ విన్ఎస్ఎక్స్ఎస్ నిల్వను కూడా తీసేస్తారు. అలా తీసేసిన సిస్టమ్‌కి తర్వాత ఏ చిన్న దెబ్బ తగిలినా డిజమ్‌కి బాగుచెయ్యడానికి ఏమీ మిగలదు. క్రాక్ వేసిన సాఫ్ట్‌వేర్‌ది ఇంకో గొడవ. యాంటీవైరస్ ఆ క్రాక్ ఫైలును పట్టుకుపోతుంది, మర్నాడు "డీఎల్ఎల్ మిస్సింగ్" అని కస్టమర్ నీ దగ్గరికొస్తాడు. మీ ఓనరు గారికి ఎదురు చెప్పమనడం లేదు. నీ చేత్తో మాత్రం వెయ్యకు. ఎందుకు వెయ్యవో మర్యాదగా చెప్పు, వింటారు.

యాంటీవైరస్ అసలైన ఫైళ్లనే పొరపాటున పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే ముఖ్యమైన ఫైలును వైరస్‌గా ఎంచింది. ఎన్నో ఆఫీసుల్లో సిస్టమ్‌లు వాటంతటవే రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. కాబట్టి ఏ ఫైలు మాయమైనా ఇంకేమీ చేసేముందు యాంటీవైరస్ క్వారంటైన్ తెరిచి చూడు. పేరు అక్కడ ఉంటే, తేదీ కూడా ఉంటుంది. అలాగని వెంటనే రిస్టోర్ కొట్టకు, ఆ ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో తేలాకే.

మనుషుల చేతుల్తో పోయిన ఫైళ్లూ ఉన్నాయి. 2001లో సల్ఫ్ఎన్‌బీకే అనే ఫైలు వైరస్ అని, తీసెయ్యమని, అందరికీ పంపమని మెయిళ్లు తిరిగాయి. అది పొడవైన ఫైలు పేర్లను కాపాడే విండోస్ ఫైలు. ఆ మరుసటేడు జేడీబీజీఎమ్‌జీఆర్ అనే ఫైలు మీద అదే పుకారు. దాని గుర్తు బుజ్జి ఎలుగుబంటి బొమ్మ, అది చూసి జనం నిజమే అనుకున్నారు. ఈరోజుల్లో అలాంటివి వాట్సాప్‌లో వస్తున్నాయి. కస్టమర్‌ని అడిగేటప్పుడు "మీరేం చేశారండీ" అనకు, తప్పు మోపినట్టుంటుంది, "నేనేం చెయ్యలేదు బాబూ" అంటాడు. "ఈ వారంలో కొత్తగా ఏమైనా వేయించారా, ఏమైనా తీయించారా, మధ్యలో కరెంటు పోయిందా" అని అడుగు. గుర్తు లేదంటే రిలయబిలిటీ మానిటర్ తెరువు. ఏ రోజు ఏ ప్రోగ్రామ్ పడింది, ఏది తీశారు, ఏది కూలింది అన్నీ తేదీల వారీగా గడుల్లో కనబడతాయి. ఎర్రర్ మొదలైన రోజు గడి మీద నొక్కి, అంతకు ముందు రెండు మూడు రోజులు చదువు. సగం కేసులు అక్కడే తేలతాయి.

ఇప్పుడు నేను ఎక్కువగా భయపడే సంగతి. బాగుచేసిన ఫైలు వారానికే మళ్లీ పాడైందంటే, లేదా ఈరోజు ఒక ఫైలు రేపు ఇంకో ఫైలు అంటుంటే, సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టు. హార్డ్‌డిస్క్ పోతోంది, లేదా ర్యామ్ చెడింది, లేదా కరెంటు దెబ్బ తగులుతోంది. మన ఊళ్లలో వేసవి కరెంటు కోతల్లో సిస్టమ్ అమాంతం ఆగిపోయే షాపులు ఎన్నో. యూపీఎస్ ఉంటుంది, లోపల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. విండోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే సగం రాసిన ఫైళ్లు మిగులుతాయి. యూపీఎస్ ప్లగ్ తీసి ఒక్క నిమిషం నిలబడుతుందో లేదో చూడటం నీ పనిలో భాగం చేసుకో.

డిస్క్‌ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడు. రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరసల్లో సున్నా కాక ఇంకేదైనా ఉంటే, అందులోనూ పెండింగ్ పెరుగుతూ ఉంటే, ఆ డిస్క్‌ను నమ్మకు. అప్పుడు చెయ్యకూడని పని ఒకటుంది, చెక్‌డిస్క్ ఆర్ పెట్టి నడపడం. అది డిస్క్ మొత్తం ప్రతి సెక్టారూ చదువుతుంది. కొనప్రాణంతో ఉన్న డిస్క్‌కి ఆ శ్రమే ఆఖరిది కావచ్చు. ముందు డేటా వేరే డిస్క్‌లోకి తియ్యి. బిల్లింగ్ డేటాబేస్, ఫోటోలు, పిల్లల ప్రాజెక్టులు, డెస్క్‌టాప్ మీద పడేసినవి, అన్నీ. కాపీ చేసినవి రెండు మూడు తెరిచి చూసుకో కూడా. విండోస్ మళ్లీ వేసుకోవచ్చురా, ఆ మెడికల్ షాపు నాలుగేళ్ల అప్పుల ఖాతా మళ్లీ ఎవరు రాస్తారు? చెక్‌డిస్క్ అంతకుముందే ఎవరైనా నడిపేసి ఉంటే సి డ్రైవ్‌లో ఫౌండ్.000 అనే దాచిన ఫోల్డర్ ఉండొచ్చు, దొరికిన ముక్కలన్నీ సీహెచ్‌కే ఫైళ్లుగా అందులో పడేస్తుంది. దాన్ని చెత్త అనుకుని తీసెయ్యకు. ర్యామ్‌కి విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, మెమ్‌టెస్ట్86 అయితే ఇంకా మంచిది, రాత్రంతా నడవనివ్వు. ర్యామ్ చెడితే మంచి ఫైలు కూడా కాపీ అయ్యేటప్పుడు పాడవుతుంది. ఎంత మంచి ఐఎస్ఓ తెచ్చినా ఇన్‌స్టాల్ మధ్యలో తప్పుతుంది.

ఓసీఎక్స్ ఫైళ్ల గురించి రెండు మాటలు. స్కూలు ఫీజుల ప్రోగ్రాములు, రైసు మిల్లుల లెక్కల ప్రోగ్రాములు చాలావరకు విజువల్ బేసిక్ 6లో రాసిన పాతవి. కొత్త సిస్టమ్‌లోకి మార్చగానే ఎమ్ఎస్‌కామ్‌సీటీఎల్ ఓసీఎక్స్ రిజిస్టర్ కాలేదంటాయి. ముందు ఆ ప్రోగ్రామ్ అసలు సెటప్ అడుగు, అందులోనే ఉంటుంది. ఫైలు ఉండి రిజిస్టర్ కాకపోతే, కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సిస్‌వావ్64లో ఉన్న రెగ్ఎస్‌వీఆర్32తో చెయ్యాలి. ఈ రిజిస్టర్ చేసే పని ఇలాంటి వాటికే. ఎమ్ఎస్‌వీసీపీ140కి ఇది కుదరదు, అందుకే నువ్వు ప్రయత్నిస్తే "డీఎల్ఎల్ రిజిస్టర్ సర్వర్ దొరకలేదు" అంది.

ఏ దారీ కనబడనప్పుడు ప్రాసెస్ మానిటర్ ఉంది. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లో ఉచితం. దాన్ని తెరిచి, ఆ ప్రోగ్రామ్ పేరు ఫిల్టర్ పెట్టి, ప్రోగ్రామ్ నడుపు. అది ఏ ఫైలు కోసం ఏ ఫోల్డర్లో వెతుకుతోందో వరసగా పరుగెత్తుతూ కనబడుతుంది. మా ల్యాబ్‌లో ఒక ప్రోగ్రామ్ పిల్లల లాగిన్లలో మాత్రం డీఎల్ఎల్ లేదనేది, మా లాగిన్‌లో తెరుచుకునేది. ప్రాసెస్ మానిటర్‌లో చూస్తే, ముందు తన ఫోల్డర్లో నేమ్ నాట్ ఫౌండ్, తర్వాత సిస్‌వావ్64లో నేమ్ నాట్ ఫౌండ్, తర్వాత ఉమ్మడి ఫోల్డర్ ఒకదానిలో యాక్సెస్ డినైడ్. ఫైలు ఉంది, చదివే పర్మిషన్ పిల్లల అకౌంట్లకి లేదు. ఆ ఫోల్డర్ పర్మిషన్ సరిచేస్తే అయిపోయింది. నేమ్ నాట్ ఫౌండ్ వరసలు చూసి మాత్రం బెంబేలెత్తకు, ఆరోగ్యంగా ఉన్న ప్రోగ్రామ్‌కి కూడా అవి వందలు వస్తాయి. కూలిపోయే ముందు ఆఖరుగా వెతికిన పేరు ఏదో చూడు.

"ఇదంతా ఎందుకక్కా, ఫార్మాట్ కొట్టేస్తే గంటలో పని అయిపోతుంది" అని మీ షాపులో అంటారని తెలుసు. కొన్నిసార్లు అదే సరైనది. వైరస్ లోతుగా పాకినప్పుడు, లైట్ వర్షన్ మీద నడుస్తున్నప్పుడు నేనూ అదే చెప్తాను. కానీ దానికి ముందు ఒక మెట్టుంది. విండోస్ నడుస్తూ ఉండగానే ఐఎస్ఓ తెరిచి సెటప్ నడిపి, ఫైళ్లూ యాప్‌లూ ఉంచమని ఎంచుకో. సిస్టమ్ ఫైళ్లన్నీ కొత్తవి వస్తాయి, కస్టమర్ ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మళ్లీ అడుక్కోనక్కర్లేదు, ప్రింటర్ మళ్లీ పెట్టనక్కర్లేదు. కారణం తెలుసుకోకుండా ఫార్మాట్ కొడితే, చెడిన ర్యామ్ అలాగే ఉంటుంది, ఆ మేనల్లుడు మళ్లీ కంట్రోల్ ప్యానెల్ తెరుస్తాడు, సిస్టమ్ మళ్లీ నీ బల్ల మీదికే వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు డబ్బు అడగడానికి నీకే మొహం చెల్లదు.

సోమవారం మెడికల్ షాపుకి వెళ్తావు కదా. ముందు వాళ్ల డేటా పెన్‌డ్రైవ్‌లో కాదు, వేరే హార్డ్‌డిస్క్‌లోకి తియ్యి. నువ్వు వేసిన ఆ డీఎల్ఎల్ రెండు చోట్లా తీసేసి, యాంటీవైరస్ ఫుల్ స్కాన్ పెట్టు. తర్వాత 2013ది, 2015-2022ది రీడిస్ట్రిబ్యూటబుల్స్ ఎక్స్86, ఎక్స్64 నాలుగూ వేసి రీస్టార్ట్ చెయ్యి. ప్రోగ్రామ్ తెరుచుకున్నాక కూడా డిస్క్ ఎలా ఉందో చూడకుండా లేవకు. వాళ్ల సిస్టమ్ విండోస్ 10 అన్నావు, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సిస్టమ్ 11కి సరిపోతుందో లేదో చూసి ఆయనకి చెప్పు, తొందరపెట్టకు. ఎర్రర్ వస్తే తెర ఫోటో తీసి పంపు, కోడ్ అంకెలు పూర్తిగా కనబడేలా తియ్యి, పోయినసారి సగం కోసేశావు.

అమ్మ నీకు సున్నుండలు చేస్తోంది, శనివారం రావుగారి అబ్బాయి అటు వస్తున్నాడు, అతని చేత పంపుతాను. 10, 11 ఐఎస్ఓలున్న పెన్‌డ్రైవ్ కూడా ఆ డబ్బాతోనే ఇస్తాను. దాని మీద తేదీ రాశాను, ఆరు నెలలకోసారి కొత్తవి దింపుకో.

ఇట్లు,
మీ అక్క